గృహరక్షణము: మిశ్రమ వస్త్రమును, అగ్నిభయమును



అగ్నిని మనము దేవతగాను దాసునిగాను రెండు విధముల నెఱుగుదుము. వేకువను పొయ్యి వెలిగించినది మొదలు రాత్రి దీపము కొండెక్కువఱకు స్త్రీకి నిప్పుతోడనే సహవాసము. నిప్పు స్వభావ మింతగా నెఱిగిన మనము, ఆ నిప్పుచెంత నిలువబడునపుడు మన మేనిపై నున్న బట్ట స్వభావము నెఱుగకుండుట వింత కాదా? ఈ మాసము మేమా విషయమునే ముచ్చటింపనెంచితిమి. ఇది గ్రంథములు చూచి పుట్టిన యూహ కాదు. ఒక చిన్నపిల్ల యడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పలేక సిగ్గుపడినందున పుట్టినది.

మేముండునది కిన్నెరసాని యొడ్డున నొక చిన్న పల్లె. పొలిమేర దాటినచో నడవియే. ఇప్పపూలు రాలు దినములలో, పూల నేఱుటకు వీలుగా నుండునని చెట్లక్రింది యెండుటాకులకు నిప్పు పెట్టు నలవాటు ఈ ప్రాంతమున నేటికిని గలదు. అట్టి రాత్రులలో కొండవాలున నెఱ్ఱని దండవలె మంట ప్రాకుట మా వాకిటినుండియే కనబడును. కనుక మా యూరివారికి నిప్పన్న భయము లేదనరాదు. అయినను ఆ భయమంతయు నడవివైపుననే యుండెను గాని బట్టల పెట్టెవైపునకు రాలేదు.

మా యింటివారు ఉపాధ్యాయులు. ఈ యేడు పాఠశాల వార్షికోత్సవమునకు బాలికలచే సీతాకల్యాణ నాటక మాడింప నిశ్చయించిరి. గ్రామములోని యొక పెద్దగారు రంగస్థలమునకు నీలపు తెర యొకటి బహూకరించిరి. నిగనిగలాడు బట్ట. ముడుత పడదు, రంగు దిగదు, ఉతికిన గడియకే యాఱును. అంగడివాడు “కాటనే” యని చెప్పెనట. తీరా చూడగా నందు సగము పత్తి, సగము పాలియెస్టరు. మా పొరుగు చేలలో పండి ఖమ్మము అంగడికి బోవు పత్తియే యే మిల్లులోనో పాలియెస్టరుతో నేకమై మరల మన యిండ్లకు వచ్చుచున్నది కాబోలు. టెరికాటననియు పాలీకాటననియు పిలుచు నీ మిశ్రమవస్త్రము నేడు పిల్లల గౌనులలో, నైటీలలో, దుప్పట్లలో, తెరలలో నెక్కడ జూచినను గలదు.

తెర యంచులు కుట్టుపని మాకు వచ్చినది. సీత వేషము కట్టవలసిన ఎనిమిదవ తరగతి బాలిక మాకు సాయముగా వచ్చెను. ఆ పిల్లకు ఎడమ మోచేతినుండి మణికట్టు వఱకు కాలిన మచ్చ గలదు. రెండేండ్ల క్రిందట కట్టెలపొయ్యి యొద్ద గౌను చేతి యంచు అంటుకొనెనట. బట్ట కరగి చర్మమునకు బట్టుకొనగా, తల్లి తొందరలో దాని నూడదీయబోయి చర్మమునే యూడదీసినదట. ఆ పిల్ల తెర కొస చేతబట్టి, వ్రేళ్లతో నలిపి చూచి, “అమ్మగారూ, ఇది నా గౌను బట్ట లెక్కనే ఉన్నది. ఈ తెర గూడ అంటుకుంటదా?” అని యడిగెను. కల్యాణ ఘట్టమున నా తెరముందే రెండు దీపస్తంభములు వెలుగవలసి యున్నవి. ఆ రెంటినడుమ నిలువబడవలసినది ఆ పిల్లయే. మా నోట మాట రాలేదు.

మఱునాడు పెరటిలో, గాలి లేని వేళ, ప్రక్కన నీళ్ల బకెట్టు నుంచుకొని, మూడు పేలికలను పొడవాటి పటకారుతో నొక్కొకటిగా పట్టి నిప్పు ముట్టించి చూచితిమి. ఒకటి పాత నూలుపంచెది. ఒకటి కేవల పాలియెస్టరు చీరది. మూడవది తెర యంచునుండి కత్తిరించినది. నూలుపేలిక పసుపుపచ్చని మంటతో మండి బూడిదయ్యెను. పాలియెస్టరు పేలిక మంట తగులగనే ముడుచుకొని, కరగి బొట్లుబొట్లుగా రాలి, రాలుటతోడనే మంటయు చాలవఱకు జాఱిపోయి యాఱెను. తెరపేలిక ఈ రెంటికి నడుమ నుండునని తలచితిమి. అట్లు కాలేదు. అది నూలువలె వెంటనే యంటుకొనెను. పాలియెస్టరువలె కరగెను గాని రాలలేదు. నల్లని పొగ చిమ్ముచు కడకంట మండి, తుదకు జిగటముద్దయై పటకారునకు పట్టుకొనెను.

దీని కారణము తెలియుట మనకు కష్టము గాదు. ప్రతిదినమును దీపము పెట్టు చేతులు మనవి. పాలియెస్టరు దాదాపు 250, 260 డిగ్రీల వేడికి కరగును. పత్తినార 350 డిగ్రీల ప్రాంతమున బొగ్గుగా మాఱును. కనుక ముందుగా కరగిన పాలియెస్టరు, ఇంకను నిలిచియున్న పత్తినార లోనికి ఇంకును. పత్తి వత్తియగును, కరగిన పాలియెస్టరు నూనె యగును. సుందరకాండమున రాక్షసులు హనుమంతుని వాలమునకు పాత నూలుగుడ్డలు చుట్టి నూనెతో తడుపుట మనమెల్ల వినినదే. గుడ్డలే యైనచో నించుకసేపటిలో కాలిపోయెడివి. నూనె యొక్కటియే యైనచో జాఱిపోయెడిది. రెండును గూడినందుననే లంక కాలినది. మిశ్రమవస్త్రపు రహస్యమంతయు నిదియే.

శాస్త్రజ్ఞులు మఱియొక కొలతయు జెప్పుదురు. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. పత్తి మండుటకు సుమారు 18 పాళ్లే చాలును. పాలియెస్టరుకు 20, 21 పాళ్లు. ఉన్నికి 25 పాళ్లు కావలెను గనుక, ఉన్ని మామూలు గాలిలో సులభముగా మండదు. పత్తి, పాలియెస్టరు రెండును గాలిలో మండగలవే. అవి కలసినపుడు ఒకదాని లోపమును మఱియొకటి కప్పదు సరిగదా, మఱింత పెంచును.

మేమీ సంగతి చెప్పగా మా యింటివారు ముందు తటపటాయించిరి. దాత మనస్సు నొచ్చునేమోయనియు, తెర మార్చుటకు పాఠశాలవద్ద ధనము లేదనియు వారి చింత. అంతట మేము డబ్వాలీ మాట యెత్తితిమి. హర్యానా రాష్ట్రమున డబ్వాలీ పట్టణములో 1995 డిసెంబరు 23వ తేదీన నొక పాఠశాల వార్షికోత్సవము జరుగుచుండ, కృత్రిమవస్త్రముతో గప్పిన పందిరి అంటుకొని, నాలుగువందలకు పైగా జనులు, అందు పెక్కండ్రు పిల్లలును తల్లులును, మరణించిరి. అదియు పండుగయే, అచ్చటను తల్లులు ముందువరుసలలో కూర్చుండి తమ బిడ్డల యాట చూడవచ్చినవారే. అంతదూర మేల? 2023 ఏప్రిల్ 12వ తేదీన మన ఖమ్మము జిల్లా కారేపల్లి మండలము చీమలపాడులో, బాణసంచా రవ్వలు పడి గుడిసె యంటుకొని, లోని గ్యాసు సిలిండరు పేలి ప్రాణములు పోయినవి. ఉత్సవమునకు రవ్వ దూరము కాదు. మా యింటివారు మఱి మాటాడలేదు. “అయినచో దీనికి పూత యేదైన గలదా చూడుము” అనిరి.

పూత యను నుపాయము క్రొత్తది కాదు. ఈ యడవిప్రాంతపు కోయ యిండ్లలో తడికకు మట్టి మెత్తి నునుపుగా నలుకుదురు. ఎండిన తడిక నిప్పుకు లొంగును, మట్టి పూసిన తడిక యంత త్వరగా లొంగదు. ఇటలీదేశమున సబ్బతీని యనునతడు 1638లో నాటకశాల తెరల రంగులలో బంకమట్టియు జిప్సమును గలుపుమని చెప్పెను. 1735లో ఇంగ్లండున వైల్డ్ అనునతడు పటిక, వెలిగారము మున్నగువానితో బట్టను తడుపు విధానమునకు పేటెంటు పొందెను. 1821లో గేలుస్సాక్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు, నాటకశాలలు తగులబడకుండ జూడుమని తమ రాజు కోరగా, అమ్మోనియము ఫాస్ఫేటును వెలిగారమును మేలని తేల్చెను. చూచితిరా, వీనిలో రెంటికి నాటకపు తెరయే మూలము!

ఆ అమ్మోనియము ఫాస్ఫేటు మన రైతిండ్లకు పరాయిది కాదు. పొలమునకు చల్లు డి.ఎ.పి. ఆ జాతి లవణమే. అది చేయు పని యిది: వేడి తగులగనే యామ్లమును విడిచి, పత్తినారలోని నీటి యంశమును లాగివేయును. అందుచే నార మండు ఆవిరులుగా మాఱుటకు బదులు బొగ్గుగా మిగులును. బొగ్గుపొర క్రింది నారకు కవచమగును. అమెరికాలో కార్చిచ్చులపై విమానములనుండి జల్లు నెఱ్ఱని ద్రవములలోను ఇట్టి ఫాస్ఫేటులే యుండును. అయినను ఎరువుల సంచిలోనిది బట్టకు పట్టింపదగదు. అందు మలినము లుండును, చెమ్మను పీల్చి బట్ట జిడ్డుగా నగును.

అయితే, పూత యన్నంతనే నమ్మరాదు సుమా! లక్కయింటి గోడలును చూచుటకు సొంపుగనే యుండెను. పూతలో నేమున్నదో విదురునివంటివాడు చెప్పినగాని పాండవులకు మేలు కలుగలేదు. ఈ కాలమునను అట్టి కథ యొకటి జరిగినది. అమెరికాలో పిల్లల రాత్రి దుస్తులు మండకుండవలెనని చట్టము చేయగా, మిల్లులవారు ట్రిస్ అను బ్రోమిను రసాయనమును బట్టలకు పట్టించిరి. 1977లో ఆర్లీన్ బ్లం, బ్రూస్ ఏమ్స్ అను శాస్త్రజ్ఞులు అట్టి పదార్థములు క్యాన్సరు కలిగింపగలవని హెచ్చరించిరి. ఆ యేటనే ప్రభుత్వము పిల్లల దుస్తులలో ట్రిస్‌ను నిషేధించెను. నిప్పునుండి కాపాడదలచి తల్లులు తెలియకయే బిడ్డలను విషమున బొరలించిరి. బట్ట మండకుండుట యొక్కటియే చాలదు. ఆ పూత చర్మమునకు, నీటికి, నేలకు హాని చేయకుండవలెను.

కావుననే నేటి పరిశోధకులు మన వంటయింటివైపును పెరటివైపును చూచుచున్నారు. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థవారు, గెల కోసిన పిదప పారవేయు అరటిబోదె రసమును పత్తిబట్టకు పట్టించి చూచిరి. రసము పట్టుటకు ముందుగా బట్టను టానిను, పటికలతో సిద్ధపఱచిరి. 18 పాళ్ల ప్రాణవాయువుతో మండు బట్ట అటుపిమ్మట 30 పాళ్లున్నగాని మండలేదట. టానినన్న మనకు తెలియనిదా? ఈ యడవులలో నేఱు కరక్కాయలో నున్నదే. కలంకారీవారు బట్టను కరక్కాయ రసమునను పాలలోను నాన్చుట మన మెఱుగుదుము. అది రంగు నిలుచుటకే గాని నిప్పు నాపుటకు గాదు. అయినను బట్టకు చెట్టురసము పట్టించు విద్య మన చేతులకు పాతదే యని సంతసింపవచ్చును.

టెక్సాసు విశ్వవిద్యాలయములలో నొకదానివారు 2012లో ఫైటిక్ ఆమ్లమును, కైటొసానును పొరమీద పొరగా పత్తిబట్టకు పట్టించిరి. ఫైటిక్ ఆమ్లము తవుడులోను గింజలలోను నుండును. కైటొసాను రొయ్యల పొట్టునుండి తీయుదురు. మొదటిది ఫాస్ఫరము నిచ్చును, రెండవది బొగ్గు పొరకు తోడ్పడును. ఇక ఇటలీలో టురిను సాంకేతిక విద్యాలయమువారు పాలలోని కేసీనును పాలియెస్టరుపైనను, పాలియెస్టరు పత్తి కలసిన బట్టపైనను పూసి, మంట ప్రాకు వేగము తగ్గుట 2014లో ప్రకటించిరి. కేసీనులోను ఫాస్ఫరమున్నది.

ఇంతవఱకు వినగానే “తవుడునీళ్లలో ముంచుదుము, మజ్జిగ పూయుదుము” అని యెవ్వరును తొందరపడవలదు. పరిశోధనశాలలో వేఱుచేసిన సారము వేఱు, మన కుడితిగోలెము వేఱు. మఱి వీనికి రెండు చిక్కులు గలవు. ఒకటి చాకిరేవు. ఇట్టి పూతలు పెక్కు నీటిలో కరగునవి గనుక ఉతికినకొలది పోవును. ఉతుకులకు నిలుచునట్లు నారకు ముడివేయు మిల్లు విధానములు గలవు గాని, వానిలో కొన్నిట ఫార్మాల్డిహైడు వాడుక యున్నది. రెండవ చిక్కు మిశ్రమముది. పత్తిని బొగ్గు చేయు పూత పత్తికే మేలు చేయును. ప్రక్కనున్న పాలియెస్టరు దాని దారిని అది కరగి యావిరియై మండుచునే యుండును. రెండు స్వభావముల కొకే మందు కుదుర్చుటయే నేటి శాస్త్రజ్ఞుల శ్రమ.

ఈ మాటలోని నిజము మా పెరటిలోనే తెలిసినది. నాటకపు తెరలకు వాడుకలోనున్న పాతయోగమొకటి కలదు: సుమారు రెండు లీటర్ల వేడినీటిలో 200 గ్రాముల వెలిగారము, 85 గ్రాముల బోరిక్ పొడి కరగించుట. బోరిక్ పొడి యనగా పిల్లలు క్యారమ్ బల్లపై చల్లుకొనునదే. ఆ నీటిలో నూలుపేలికను, తెరపేలికను ముంచి, మెల్లగా పిండి, నీడ నాఱబెట్టి, మరల నిప్పు చూపితిమి. నూలుపేలిక ముట్టించినమేర నల్లబడి, మంట తీయగనే యాఱిపోయెను. తెరపేలిక నెమ్మదిగానైనను కడవఱకు మండెను.

ఇక సందేహము లేదు. అయితే దాతగారి యింటికి మా యింటివారిని బంపలేదు. మేమే పేలికలు కొంగున ముడివైచుకొని పోయి, ఆ యిల్లాలిని పెరటిలోనికి పిలిచి, ఆమె కన్నులయెదుట రెండును ముట్టించితిమి. ఆమె కొంతసేపు మాటలేక నిలిచి, “పంతులమ్మా, మా కోడలు వంటజేసేటప్పుడు తొడిగే నైటీ గూడ ఇదే బట్ట గదా!” అనెను. తెర సంగతి మేమెత్తనవసరమే లేకపోయెను. సాయంకాలమునకు పెద్దగారే పాఠశాలకు వచ్చి, “నూలుబట్ట తెప్పించండి సారూ, ఖర్చు నాది” అనిరి. తెలియక చేసిన దానమున దోషము లేదు. తెలిసినపిదప దిద్దుకొనుట దానముకన్న గొప్పది.

ముతక నేతనూలు తెర వచ్చినది. దానిని వెలిగారపు నీట ముంచి యాఱబెట్టి, అంచు పేలికతో పరీక్షించి కట్టించితిమి. దీపస్తంభములను తెరకు మూడు బారల దూరమున నుంచి, ప్రక్కన రెండు బకెట్ల నీళ్లు పెట్టించితిమి. నీలపు బట్ట వ్యర్థము కాలేదు. పిల్లల పుస్తకములకు సంచులుగా కుట్టితిమి. నాటకమునాడు ఆ బాలిక ముందుగా తెరకొస చేతబట్టి నలిపి చూచుకొని, పిదప దీపముల నడుమ నిలువబడినది.

ఇక సోదరీమణులు గుర్తుంచుకొనవలసిన మాటలు కొన్ని.

వెలిగారపు పూత తెరలకు, పందిరి గుడ్డలకు, ఉతుకని నూలుబట్టలకే. మేనికి తగులు బట్టలకు, పిల్లల దుస్తులకు, పక్కగుడ్డలకు ఎన్నడును పట్టింపరాదు. ఐరోపావారు 2010లో వెలిగారమును, బోరిక్ ఆమ్లమును సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థముల పట్టికలో చేర్చిరి. గర్భవతులు వానిని ముట్టకుండుట మేలు. తక్కినవారును చేతి తొడుగులు వేసికొని, వంటపాత్రలు గాక వేఱు బకెట్టు వాడవలెను. పిల్లలకు అందనీయరాదు. బట్ట తడిసినను, ఉతికినను పూత పోయినట్లే. మరల పట్టించి, మరల పరీక్షింపవలెను.

మేనిపై బట్టకు ఇంటిపూత లేదు. అచ్చట ఎన్నికయే పూత. పొయ్యికడకు మిశ్రమవస్త్రపు నైటీ, వ్రేలాడు కొంగు, వెడల్పు చేతులు పనికిరావు. నూలైనను మండునని మఱవరాదు. పలుచని నూలు మఱింత వేగముగా మండును. అయితే కరగి చర్మమునకు బట్టుకొనదు. దళసరి నూలుబట్ట ఒంటికి సరిపడ కట్టి, కొంగు నడుమున దోపుకొనుట మేలు. కొనునపుడు అంగడివాని మాట గాక బట్టకు కుట్టిన చీటీ చూడుడు. చీటీ లేనిచో నొక పోగు తీసి పెరటిలో జాగ్రత్తగా కాల్చి చూడుడు. బూడిద యైనచో నూలు, గట్టిపూస మిగిలినచో నందు పాలియెస్టరున్నది.

ఒకవేళ బట్ట యంటుకొన్నచో పరుగెత్తరాదు. నేలపై బడి దొరలవలెను, లేదా దళసరి నూలు దుప్పటి గాని ఉన్ని కంబళి గాని చుట్టవలెను. మంట యాఱగనే కాలినచోట ఇరువది నిమిషములు చల్లని నీరు ధారగా పోయవలెను. వదులుగా నున్న బట్ట తీయవచ్చును. చర్మమునకు బట్టుకొన్న బట్టను మాత్రము ఎన్నడును లాగరాదు. దానిచుట్టు కత్తిరించి, వెంటనే 108కి కబురుచేసి ఆసుపత్రికి చేర్పవలెను. సిరా, పేడ, నూనె, పండ్లపొడి మున్నగునవి పూయరాదు. ఆ బాలిక తల్లికి ఈ యొక్కమాట ముందుగా నెవరైన చెప్పియుండిన, ఆ చేతిమచ్చ సగమైన తగ్గియుండెడిది.

అరటిబోదెయు, తవుడును, పాలును గలిసి మిశ్రమవస్త్రమునకు విషములేని కవచమగు దినము వచ్చునని మా యాశ. ఆ దినము వచ్చువఱకు మన కన్నే మనకు కవచము. ఈ మాసము మీ యింటి పెట్టె తెఱచి, పొయ్యియొద్ద కట్టు బట్టలను వేఱుగా నేఱి పెట్టుకొందురు గాక. ఆ పని చేయునపుడు కోడలి బట్టలను, పనిమనిషి బట్టలను సైతము తలచుకొందురని మా ప్రార్థన.